గర్భసంచి తీసే ముందు ఈ దారి కూడా ఉందని చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం ఆరోగ్యం పేజీలో ‘కోత లేదు, కుట్టు లేదు, గర్భసంచి గడ్డలు మాయం’ అని వేసిన వ్యాసం చదివాను. సంతోషమూ కలిగింది, చిరాకూ వచ్చింది. గడ్డకు రక్తం అందకుండా నాళాలు మూసేసే ఈ ‘ఎంబొలైజేషన్’ చికిత్స గురించి ఒక తెలుగు పత్రిక అంత చోటు ఇవ్వడం నేనింతవరకు చూడలేదు, అందుకు సంతోషం. ‘మాయం’ అన్నారు, ‘సాయంత్రానికల్లా ఇంటికి’ అన్నారు, లోపలికి పంపేదాన్ని ‘ప్రత్యేకమైన మందు’ అన్నారు, అందుకు చిరాకు. అది మందు కాదు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, రక్తనాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మీరు మందు అన్నదాన్ని సిరంజిలో కలిపి డాక్టరు గారి చేతికి అందించేది నేనే. కాబట్టి ఈ ఉత్తరం రాసే హక్కు కొంత ఉందనుకుంటున్నాను.

లోపలికి పంపేవి పూసలు. ల్యాబ్‌లో మేం ‘బీడ్స్’ అంటాం. శరీరం ఎదురుతిరగని పాలిమర్‌తో చేసిన గుండ్రటి రేణువులు. గర్భసంచి గడ్డలకు, అంటే ఫైబ్రాయిడ్లకు, ఎక్కువగా వాడేవి 500 నుంచి 700 మైక్రాన్లవి, లేకపోతే 700 నుంచి 900వి. అంటే అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరుకు కాస్త తక్కువ దాకా. కంటికి కనిపిస్తాయి. గజ్జల్లోనో ఎడమ మణికట్టు దగ్గరో సూది గుచ్చి, సన్నటి గొట్టాన్ని రక్తనాళాల గుండా గర్భసంచి ధమని దాకా తీసుకెళతారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు ధమనులుంటాయి. రెండింట్లోనూ పూసలు వదులుతారు. గడ్డ రక్తాన్ని విపరీతంగా లాక్కుంటుంది కాబట్టి ప్రవాహం ఎటు ఎక్కువుంటే పూసలూ అటే పోతాయి. పోయి గడ్డ చుట్టూ ఉన్న నాళాల్లో అడ్డంపడతాయి. రక్తం అందక గడ్డ చచ్చి, మెల్లగా కుంచించుకుపోతుంది. మిగతా గర్భసంచికి పక్కదారుల్లో రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి అది బతుకుతుంది.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి చేస్తాం. సిరంజి విప్పేసరికి పూసలు ఉప్పునీటి అడుగున తెల్లగా పేరుకుని ఉంటాయి. ఎక్స్‌రే తెర మీద పూసలు కనబడవు, కనబడేది కాంట్రాస్టు ద్రవం ఒక్కటే. అందుకని రెండూ కలపాలి. ఉప్పునీరు ఎక్కువైతే పూసలు మునుగుతాయి, కాంట్రాస్టు ఎక్కువైతే పైకి తేలతాయి. ఇంచుమించు సగం సగం కలిపి, కొన్ని నిమిషాలు ఆగి, సిరంజిని నెమ్మదిగా తలకిందులు చేస్తూ ఉంటే అప్పుడు ద్రవమంతా సమంగా పరుచుకుంటాయి. పెద్ద సిరంజికీ చిన్న సిరంజికీ మధ్య త్రీవే, అంటే మూడు దారుల చిన్న కుళాయి, పెట్టి, చిన్నదాంట్లోకి కొద్దికొద్దిగా తీసుకుంటూ, తెర చూసుకుంటూ డాక్టరు గారు వదులుతారు. ప్రవాహం మందగించిందంటే ఆపేయాలి. ఇంకొంచెం పోస్తే పోలేదా అనుకుంటే పూసలు వెనక్కి పొర్లి అక్కర్లేని నాళంలోకి పోతాయి. పూసలకు వేరే గిన్నె, వేరే సిరంజిలు పెడతాం. గొట్టం కడిగే ఉప్పునీటి గిన్నెలో పొరపాటున పూసలు పడ్డాయంటే అవి ఎక్కడికి చేరతాయో ఎవరూ చెప్పలేరు. కొత్తగా చేరిన పిల్లలకు మా ల్యాబ్‌లో మొదట నేర్పేది ఈ గిన్నెల సంగతే.

ఇక ‘కొత్తగా కనిపెట్టిన’ అని రాశారు. అంత కొత్తదేం కాదు. రక్తనాళాలను మూయడానికి పాలీవినైల్ ఆల్కహాల్ (పీవీఏ) అనే ప్లాస్టిక్ రేణువులు వాడొచ్చని 1970లలోనే అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం డాక్టర్లు రాశారు. 1975 నాటి ఆ వ్యాసంలో మొదటి పేరు తాడవర్తి. మన వైపు వినిపించే ఇంటిపేరే! మా రేడియాలజిస్టు గారు ఒకసారి ఆ కాగితం చూపిస్తే, ల్యాబ్‌లో అందరం దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాం. గర్భసంచి గడ్డల విషయానికొస్తే ప్యారిస్‌లో డాక్టర్ రవీనా ఆపరేషనులో రక్తం పోకుండా ఉండాలని ముందుగా ధమనులు మూయించేవారు. ఆపరేషనుకు పిలిస్తే, రక్తస్రావం తగ్గిపోయింది, మాకిక ఆపరేషనెందుకని కొందరు అన్నారు. అలా 16 మంది సంగతి 1995లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈ చికిత్స అలా మొదలైంది. 2004 నవంబరులో అమెరికా జాతీయ భద్రతా సలహాదారుగా ఉన్న కాండొలీజా రైస్ ఇదే చేయించుకున్నారని అక్కడి పత్రికలన్నీ రాశాయి.

పాత పీవీఏ రేణువులు ఇప్పటికీ మన దగ్గర ఎక్కువే వాడతారు, చవక కాబట్టి. వాటికీ పూసలకూ తేడా నూకలకూ సగ్గుబియ్యానికీ ఉన్నంత. పీవీఏ రేణువు అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఒకదానికొకటి పట్టుకుని ఉండకడతాయి. మైక్రోక్యాథెటర్ అనే ఆ సన్నటి గొట్టం మొదట్లోనే అడ్డంపడి సిరంజి కదలదు. గట్టిగా నొక్కకూడదు, గొట్టం తీసి పారేయాలి, ఇంకొకటి విప్పాలి. ఆ రెండో గొట్టం బిల్లు పేషెంటు మీదే పడుతుంది. అప్పుడు చవక అన్నమాట ఏమైనట్టు? పోనీ గుండ్రంగా ఉంటే చాలా అంటే అదీ కాదు. గుండ్రటి పీవీఏ పూసలనూ, వేరే పాలిమర్‌తో చేసి జెలటిన్ కలిపిన ట్రైస్‌ఆక్రిల్ పూసలనూ వాషింగ్టన్‌లోని జార్జిటౌన్‌లో పోల్చి చూశారు. గుండ్రటి పీవీఏ తీసుకున్నవాళ్లలో గడ్డలు సరిగా చావలేదని తేలడంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పెట్టె మీద అంకెలు ఒకటే అయినా మెత్తటి పూస నొక్కుకుపోయి వేరే చోట కూర్చుంటుంది. ‘ఏదైనా ఒకటే సిస్టర్, తక్కువలో ఉన్నది తెప్పించండి’ అనే పర్చేజు విభాగం వాళ్లు ఈ మాట చదివితే బాగుండు.

పేషెంట్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ‘ప్లాస్టిక్కు లోపలే ఉండిపోతుందా అమ్మా? క్యాన్సర్ రాదా?’ ఉండిపోతుంది. ఈ పూసలు కరగవు, బయటికి రావు. గర్భసంచిలో, గడ్డ చుట్టూ జీవితాంతం ఉంటాయి. శరీరం వాటి చుట్టూ సన్నటి పొర అల్లుకుని ఊరుకుంటుంది. పీవీఏను దశాబ్దాలుగా మనుషుల రక్తనాళాల్లో వాడుతున్నారు, కంట్లో వేసుకునే చుక్కల మందుల్లో కూడా వాడతారు. క్యాన్సర్ తెస్తాయన్న రుజువు ఏదీ లేదని మా డాక్టరు గారు చెబుతారు, నేనూ అదే చెబుతాను. పూసల్లో లోహం ఉండదు కాబట్టి తర్వాత ఎమ్మారై తీయించుకోవడానికీ ఇబ్బంది లేదు. అయితే ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ట్రైస్‌ఆక్రిల్ పూసల్లోని జెలటిన్ పందినుంచి తీసింది. పెట్టెలోని కాగితంలో చిన్న అక్షరాల ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ముస్లిం పేషెంట్లకూ, శాకాహారులకూ ముందుగా చెప్పాలి. ఒప్పుకుంటారో లేదో వాళ్ల ఇష్టం.

ఇప్పుడు నేను అసలు రాయదలచుకున్నదానికి వస్తాను.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఎవరూ పండుగ చేసుకోని మొదటి ర్యాంకులు! దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయని ఆ సర్వేనే చెప్పింది. అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడం మీద సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్లింది. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ కోర్టు చెప్పింది.

మా వైపు ఊళ్లలో ఈ ఆపరేషన్ ఎంత తేలిక మాట అయిపోయిందో మీకు తెలియంది కాదు. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేముంది, తీయించేసుకుంటే పీడ పోతుంది’ అని అత్తగారు అంటుంది, తోడికోడలు అంటుంది, ఆర్‌ఎంపీ అంటాడు. మిరపకోతలకు పోయే ఆడవాళ్లు నెలకు నాలుగైదు రోజులు కూలి పోతుందని తామే వచ్చి అడుగుతారు. వాళ్లను తప్పుపట్టను. ఎండలో, చాటు లేని చేలో, మార్చుకోవడానికి చోటు లేక, గంటగంటకూ బట్ట తడిసిపోతుంటే ఎవరైనా అదే అడుగుతారు. నేను తప్పుపట్టేది అడిగినచోట ఇంకో దారి ఉందని చెప్పనివాళ్లను.

మా వదిన సంగతే. నలభై నిండకముందే రక్తస్రావం ఎక్కువై మా జిల్లాలోనే ఒక నర్సింగ్‌హోంకు వెళ్లింది. స్కానింగులో నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. ‘ఉంచితే క్యాన్సరవుతుంది, రేపు ఖాళీ ఉంది, చేసేద్దాం’ అన్నారు. మా అన్నయ్య భయపడి సంతకం పెట్టాడు. వదిన చేత పెట్టించలేదు, గమనించండి. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారని మాకు తెలిసింది ఎప్పుడో తర్వాత, నడుంనొప్పికని వేరేచోట స్కానింగు తీయిస్తే. అప్పటికే ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్లనొప్పులు అన్నీ మొదలై చాలా కాలమైంది. ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్‌గా మారడమన్నది బాగా అరుదు. అనుమానముంటే ఎమ్మారై తీసి చూడొచ్చు. రేపే చేసేయాలన్నంత తొందర దేనికో నాకిప్పటికీ అర్థం కాదు, అంటే అర్థమవుతుంది గానీ రాయను.

అయితే పూసల చికిత్సను నెత్తిన పెట్టుకుని ఊరేగించడం నా ఉద్దేశం కాదు. మీ వ్యాసంలో రాయనివి రాస్తాను. మొదటిది నొప్పి. రక్తం అందక గడ్డ చచ్చేటప్పుడు నొప్పి మామూలుగా ఉండదు. మొదటి రాత్రి చాలామందికి మార్ఫిన్ లాంటి మందు కావాల్సి వస్తుంది. వాంతులు, జ్వరం కొన్నాళ్లుంటాయి. మన దగ్గర ‘సాయంత్రానికల్లా ఇంటికి’ అని పేషెంటుకు చెప్పి పంపిస్తే అర్ధరాత్రి అంబులెన్సులో తిరిగొస్తుంది. కనీసం ఒక రాత్రి ఉంచాలి. రెండోది, గడ్డ మాయం కాదు. మూడు నుంచి ఆరు నెలల్లో ఇంచుమించు సగానికి తగ్గుతుంది. రక్తస్రావం మాత్రం ఎక్కువమందికి బాగా తగ్గుతుంది. మూడోది, అందరికీ శాశ్వతం కాదు. నెదర్లాండ్స్‌లో 177 మంది మీద చేసిన ఎమ్మీ పరీక్షలో పదేళ్లకు చూస్తే, పూసలు వేయించుకున్నవాళ్లలో ఇంచుమించు మూడింట ఒక వంతు మంది చివరకు గర్భసంచి తీయించుకోవాల్సి వచ్చింది. తక్కినవాళ్లకు ఆ అవసరం రాలేదు. బ్రిటన్‌లో 254 మందితో జరిగిన ఫెమ్ పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. గర్భసంచి ఉంచి గడ్డ ఒక్కటే కోసి తీసే మయోమెక్టమీ చేయించుకున్నవాళ్లే, రెండేళ్ల తర్వాత పూసలవాళ్లకన్నా కొంత మెరుగ్గా ఉన్నారని తేలింది. ఇవన్నీ చెప్పే, ఏ దారి కావాలో పేషెంటును అడగాలి.

నలభై అయిదు దాటినవాళ్లలో కొందరికి ఈ చికిత్స తర్వాత నెలసరి ఆగిపోవచ్చు. గర్భసంచి నాళాలకూ అండాశయాలకూ కలిసే దారులుంటాయి, చిన్న సైజు పూసలు అటు జారితే ప్రమాదం. 500 మైక్రాన్లకు తక్కువవి వాడొద్దని మా డాక్టరు గారు పట్టుబట్టేది అందుకే. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది మొదటి దారి కాదు. ఇన్‌ఫెక్షనున్నా, క్యాన్సర్ అనుమానమున్నా చేయకూడదు. రక్తస్రావం అయ్యే ప్రతివాళ్లకూ గడ్డలే కారణం కాదు కూడా. చాలామందికి మాత్రలతోనో, లోపల అమర్చే హార్మోను లూప్‌తోనో సరిపోతుంది, పూసలు కూడా అక్కర్లేదు. ఇదంతా చెప్పాక కూడా ఆవిడ గర్భసంచి తీయించుకుంటానంటే తీయించుకోనివ్వండి. తెలిసి తీయించుకోవడం వేరు.

మరి ఎందుకు చెప్పరు? డబ్బు ఒక కారణమని అందరూ అంటారు. అది ఉంది గానీ అదొక్కటే కాదు. గైనకాలజిస్టు ఒక విభాగం, పూసలు వేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఇంకొక విభాగం. గడ్డలున్న మనిషి వెళ్లేది గైనిక్ ఓపీకి. అక్కడి నుంచి ఈ గదికి పంపితే తప్ప ఈ గది ఉందని ఆవిడకు తెలియదు. ఈ పని వచ్చిన డాక్టర్లూ, మిషన్లూ హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి లాంటి చోట్లే ఎక్కువ. మాచర్లలోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్న ఆడమనిషికి గర్భసంచి తీసే టేబులు ఆటో దూరంలో ఉంది, పూసలు వేసే టేబులు రైలు దూరంలో ఉంది.

ఖరీదు కూడా. మంచి పూసలు ఎక్కువగా దిగుమతి సరుకే. ఒక్క సిరంజి వేలల్లో ఉంటుంది, ఒక మనిషికి ఒకటికి మించి పట్టొచ్చు, మైక్రోక్యాథెటర్ అదనం. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధర కట్టేసింది. మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలకు మించకూడదంది, అంతకుముందు లక్ష దాటి అమ్మినవే అవి. ఈ పూసల జోలికి అలా ఎవరైనా ఎందుకు రాకూడదు? మన దేశానికి చేతకాదా అంటే, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలో కనబడే పూసలను తయారుచేసి 1990లోనే పత్రాలు రాశారు. మెత్తటి కాంటాక్టు లెన్సులు చేసే పాలిమర్‌తోనే చేశారు. నేను పైన చెప్పిన ఇబ్బంది, పూసలు తెర మీద కనబడకపోవడం, అప్పుడే వాళ్ల ఆలోచనలో ఉందన్నమాట. గుండె కవాటాన్నీ రక్తం సంచినీ దేశంలో తయారుచేసి చూపించిన సంస్థ అది. మన రెండు రాష్ట్రాల్లో వైద్య పరికరాల పార్కులు కట్టామని చెప్పుకుంటున్నాం. విశాఖలోనో సుల్తాన్‌పూర్‌లోనో ఎవరో ఒకరు ఈ పూసల మీద దృష్టి పెడితే సిరంజి ధర దిగకుండా ఉంటుందా?

ధరల సంగతి ప్రభుత్వాలు చూసుకోవాలి. రూపాయి ఖర్చు లేని పనులు కూడా రెండున్నాయి. గర్భసంచి తీసే ఆపరేషనుకు పెట్టించుకునే ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి. అందులో మిగతా దారులన్నీ, మందులు, లూప్, గడ్డ మాత్రమే తీయడం, పూసలు, ఒక్కో వరుసలో రాసి, వాటి గురించి తనకు చెప్పారని ఆవిడ చేతే సంతకం చేయించాలి. మొగుడి సంతకం కాదు. రెండోది పూసల పెట్టె మీద ఊడి వచ్చే స్టిక్కరు. కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు అన్నీ దాని మీద ఉంటాయి. దాన్ని మేం ఆసుపత్రి ఫైలులో అంటించి బీరువాలో పెడతాం. పేషెంటుకిచ్చే డిశ్చార్జి కాగితంలో ‘ఎంబొలైజేషన్ డన్’ అని రెండు మాటలుంటాయి. జీవితాంతం తన ఒంట్లో ఉండే వస్తువు పేరు ఆవిడ దగ్గర లేదు! స్టెంటు వేయించుకున్నవాళ్లకు కార్డిస్తున్నాం కదా, వీళ్లకేం తక్కువ? మా ల్యాబ్‌లో కొంతకాలంగా రెండో స్టిక్కరు డిశ్చార్జి కాగితం వెనక అంటిస్తున్నాను. ఎవరూ అంటించమనలేదు, ఎవరూ వద్దనలేదు.

మీ ఆరోగ్యం పేజీ రాసేవారికి ఒక మనవి. ఈసారి రాసేటప్పుడు కార్పొరేటు ఆసుపత్రి డాక్టరు ఫొటోతో పాటు, ఈ చికిత్స చేయించుకుని అయిదేళ్లో ఆరేళ్లో అయిన ఒకావిడతో కూడా మాట్లాడండి. బాగున్నావిడతోనూ, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినావిడతోనూ. అలాగే ‘ఇంటర్వెన్షనల్ రేడియాలజీ’ అనే విభాగం పేరును తెలుగు అక్షరాల్లో పెద్దగా వేయండి. ఓపీ కౌంటరులో ఆ పేరు చెప్పగలిగితేనే చీటీ రాస్తారు.

ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. మా ఆసుపత్రిలో గైనిక్ విభాగమూ ఉంది, అది మా ల్యాబ్‌కన్నా చాలా పెద్దది.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
గుంటూరు.